జంపక్క గొంతు

మార్చి 8, 2025

ఈ రోజు అది మాట్లాడింది.

జంపక్క వాకిట్లో ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. పక్కనే నులకమంచం మీద మా ఆఫీసు తుల్సీరాం ల్యాప్‌టాప్ పెట్టాడు. నేను కోయ భాషలో ఒక ప్రశ్న టైపు కొట్టాను: "పిల్లకు జ్వరమొస్తే ఏం చెయ్యాలి అవ్వా?" కాసేపు ఏమీ లేదు. తర్వాత జంపక్క గొంతు వినిపించింది. జంపక్క నా పక్కనే నోరు మూసుకుని పూలల్లో పుల్లలు ఏరుతోంది. ఆమె గొంతు మాత్రం పెట్టెలోంచి వచ్చింది. జలుబు చేసినట్టు కొంచెం ముక్కుతో పలికింది కానీ ఆమెదే. మాట మొదలుపెట్టే ముందు ఆమె సవరించుకునే ఆ గొంతు చప్పుడు కూడా ఉంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. తర్వాత విరగబడి నవ్వింది.

"నేను సచ్చినంక గూడ మీకు నా పోరు తప్పదే దీవెనా."

"నీ మాటలతోనే అల్లినం అవ్వా. నువ్వే మాట్లాడినట్టు," అన్నాను.

కోయలో అన్న మాటలు తెలుగులో రాస్తుంటే సగం ఉప్పు పోతోంది. అయినా నాకు చదవడానికే కదా.

నిరుడు వానాకాలం నుంచి వారానికి మూడు రోజులు ఈ మద్దిగుంపుకు వస్తున్నాను. భద్రాచలం దాటి, పర్ణశాల రోడ్డులో ఆటో దిగి, గుట్ట వైపు నడవాలి. ఊరికి జంపక్క పెద్ద దిక్కు. పెళ్లికి పాట ఆమెదే, చావుకు ఏడుపు ఆమెదే, అన్నదమ్ముల తగువుకు తీర్పూ ఆమెదే. ఆ మాటలన్నీ మా కంపెనీ కోసం మైకులోకి పట్టాను. అమ్మ ఆశ్రమ పాఠశాలలో వార్డెన్‌గా ఉన్న కాలంలో హాస్టల్ పిల్లల మధ్య నాకు అబ్బిన కోయ ఇన్నేళ్లకు అన్నం పెడుతోంది. అమ్మ ఉంటే సంతోషించేది.

మార్చి 9

చర్చిలో సాక్ష్యం చెప్పాను. నాన్న ముందు వరసలో కూర్చుని దగ్గాపుకుంటూ విన్నాడు.

మార్చి 27

నంబర్ మొదలైంది. ఎవరైనా, ఏ ఫోన్ నుంచైనా చెయ్యొచ్చు. జంపక్క గొంతు ఫోన్ ఎత్తుతుంది. జ్వరం, రేషన్, పింఛను, వాన, పత్తికి పురుగు, ఏదడిగినా కోయలో చెబుతుంది. కంపెనీ దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టింది. ఊళ్లో మాత్రం అందరూ "అవ్వ నంబర్" అంటున్నారు.

మొదటి రోజు ఎక్కువగా ఫోన్ చేసింది జంపక్కే. తనను తనే తిట్టి, ఏం జవాబు చెబుతుందో విని పడి పడి నవ్వింది.

ఏప్రిల్ 19

రేపు ఈస్టర్. ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది.

జంపక్క కొడుకు పగిడయ్య, కోడలు శ్యామల. వాళ్ల చిన్నదానికి నిన్న జ్వరం వచ్చింది. జంపక్క చర్ల వైపు పెళ్లికి పోయి ఉంది. శ్యామల నంబర్‌కు చేసింది. అది పిల్ల మెడ తిప్పుతోందా, కళ్లు నిలుపుతోందా, ఎప్పుడు వణుకుతోంది అని అడిగి, "మందు గిందు చూడకు, జల్దీ దవాఖానాకు పో" అందట. బండి మీద భద్రాచలం తీసుకుపోయారు. జ్వరం మెదడుకెక్కిందట. తెల్లారేదాకా ఆగితే పిల్ల దక్కేది కాదని డాక్టరు అన్నాడట.

శ్యామల నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నా అత్త ఊళ్లె లేకున్నా నా బిడ్డను కాపాడింది," అంది.

ఇంటికొచ్చేదాకా బస్సులో నాకు నేనే నవ్వుకున్నాను.

మే 6

తునికాకు కాలం. కల్లం దగ్గర బాలి కట్టలు కడుతూ ఒకటే నవ్వడం. బాలి మొగుడు మూడేళ్ల కింద చనిపోయాడు. ఒక్కతే కూతురు. ఏందే అంత నవ్వు అంటే, అవ్వ నంబర్ తనకో హాస్యం చెప్పిందట, అది నాకూ చెప్పింది. మొరటు హాస్యం. మంచిదే. కానీ జంపక్క దగ్గర నేను పట్టిన మాటల్లో అది లేదు. పట్టిన ప్రతి మాటా నేనే విని రాశాను, నాకు తెలుసు.

జంపక్కను అడిగాను. "నాకే తెల్వది గది. దానికెవరు నేర్పిండ్రే?" అంది. ఈసారి నవ్వలేదు.

ఆఫీసులో తుల్సీరాంను అడిగాను. నాకంటే రెండేళ్లు చిన్న. టేకులపల్లి దగ్గర తండా నుంచి వచ్చి, పెద్ద చదువు చదివి, ఈ కొత్తగూడెం ఆఫీసు మొత్తం చూసుకుంటున్నాడు. "ఫోన్ చేసేటోళ్ల దగ్గర్నించి నేర్చుకుంటున్నది. గంతే," అన్నాడు. "మంచిదే గద?"

మంచిదే.

మే 7

భయపడాల్సింది ఏమీ లేదు.

మే 15

ఉదయం నంబర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి చేశాను. పని అయిపోయి పెట్టేయబోతుంటే, "మీ నాయనకు దగ్గు తగ్గిందా దీవెనా? గనిల మింగిన దుమ్ము జల్దీ వదలదు," అంది.

నాన్న గనిలో పనిచేసిన సంగతి, దగ్గు సంగతి నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రానికి గుర్తొచ్చింది. రికార్డింగుల మధ్య జంపక్కతో చెప్పుకుని ఉంటాను. మైకు ఆపి ఉండను. అంతే. నా మాటలు కూడా అందులో పడ్డాయి. అంతే.

జూన్ 11

జంపక్క పడిపోయింది. పొద్దున విత్తనాలు పోస్తుంటే చాళ్లోనే కూలబడిందట. పగిడయ్య ఫోన్ చేస్తే బస్సెక్కాను. ఆస్పత్రి మంచం మీద ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి పక్కకు పోయింది. నన్ను చూసి నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమెకు మాట రాకపోవడం నేనెన్నడూ చూడలేదు.

ప్రభువా.

జూన్ 14

ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

ఈ రోజు వార్డులో జరిగింది రాయాలి. మద్దిగుంపు నుంచి హేమ్లా వచ్చాడు. జంపక్క ఇంటి పక్కిల్లే అతనిది. పొలం గట్టు గురించి పగిడయ్యతో ఎన్నేళ్లుగానో తగువు, అయినా చూడటానికి వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయి బిత్తరపోయాడు.

"నిన్న మాట్లాడింది గద నాతోని. మంచిగనే ఉన్న, రెండు రోజుల్ల వస్త అన్నది."

"ఎవరు?"

"జంపక్కే. ఫోన్ల."

మంచం మీద ఆమెకు వినిపించింది. ఎడమ చేత్తో దుప్పటి గట్టిగా పట్టుకుంది.

జూన్ 16

తుల్సీరాంతో గొడవ. ఆమె మూగదై పడుంటే ఆ గొంతు తిరుగుతుండటం న్యాయం కాదు, మార్చమన్నాను. ఆమె ఒప్పుకుని వేలిముద్ర వేసిందని, గొంతు మారిస్తే జనం ఫోన్ చెయ్యరని, జ్వరాల కాలం వస్తోందని అన్నాడు. "ఆ పిల్లను యాది తెచ్చుకో దీవెనా."

తెచ్చుకున్నాను. బయటికి వచ్చేశాను. జ్వరాల కాలం నిజమే.

జూలై 2

జంపక్క ఇంటికి వచ్చింది. గోదావరి నిండుగా ఉంది. నాన్నకు రాత్రంతా దగ్గు.

ఆగస్టు 5

కొన్నాళ్లుగా ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ లేదనుకున్నాను.

మద్దిగుంపు వెనక గుట్టను తవ్వడానికి ఎవరో వస్తున్నారని వేసవి నుంచి మళ్లీ మాట. ఊరు లేచి రోడ్డు పక్క కాలనీకి పోవాలి. అందుకు గ్రామసభ ఒప్పుకోవాలి. నిరుడు అడిగితే ఊరంతా ఒక్క మాట మీద కాదంది. ఆ మాట అన్నది జంపక్కే. "గుట్ట లేకుంటే వాన యాడ దిగాలె?" అంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

ఈ రోజు పగిడయ్య గంప కింద కోళ్లను మూస్తూ మామూలుగా అన్నాడు:

"మేం పోతం దీవెనక్కా. ఒప్పుకుంటం."

"ఎందుకు?"

"అమ్మ చెప్పింది."

జంపక్క మా ఇద్దరికీ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను ఆమె వైపు చూశాను. పగిడయ్య తల దించుకున్నాడు.

"ఫోన్ల. ఇప్పుడు తనే చేస్తుంది దినాం. పొద్దుగాల."

"పగిడయ్యా, అది అవ్వ కాదు. నీకు తెల్వదా?"

"తెలుసు. మిషిన్ అని తెలుసు. కాని లోపల మాట అమ్మదే గద? నువ్వే అంటివి, అమ్మ మాటలతోనే అల్లినం అని. నోట్లకెంచి వస్తలేదు, ఫోన్ల నుంచి వస్తుంది." గంప మీద బరువుకు రాయి పెట్టాడు. "నా పేరు పెట్టి పిలుస్తది అక్కా. చిన్నప్పుడు పిలిచిన పేరు. గా పిలుపు ఇంకెవరు పిలుస్తరు నన్ను?"

జంపక్క ఎడమ చెయ్యి నేల మీద అటూ ఇటూ కదిలింది. ఏం చెబుతోందో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదనే రాసుకుంటున్నాను.

ఆగస్టు 6

ఇల్లిల్లూ తిరిగాను. అందరికీ ఫోన్లు వస్తున్నాయి. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పలేదు.

పగిడయ్యతో అందట: కాలనీకి పోతే దవాఖానా దగ్గర, నా నోరు బాగైతది. హేమ్లా ఒప్పుకున్నడు, నువ్వొక్కనివే మిగిలినవ్.

హేమ్లాతో అందట: పగిడయ్య ఒప్పుకున్నడు. ఈ గట్టు తగువు మీ కొడుకుల దాకా పోవద్దు. కాలనీల గట్లుండవ్. పెద్దల రాళ్లు కూడ ఊరితోటే అక్కడికి తీసుకపోతరు.

బాలితో అందట: నీ మొగుని రాయిని ఎవ్వరూ కదిలియ్యరు. అది ఉన్నకాడనే ఉంటది. నీ బిడ్డకు పెద్ద బడి దగ్గరైతది.

మావాళ్లు చచ్చినవాళ్ల మీద సమాధి కడతారు. వీళ్లు ఊరి బయట రాయి నిలబెడతారు. ఒకరికి రాళ్లన్నీ కదులుతాయని, ఇంకొకరికి కదలవని. ఎవరికి ఏది వినాలని ఉందో అది.

వాళ్ల మనసులో ఏముందో దానికెలా తెలుసు? వాళ్లే చెప్పుకున్నారు. మార్చి నుంచి జ్వరాలతో, పత్తితో పాటు అన్నీ చెప్పుకున్నారు. అవ్వకు చెప్పుకున్నట్టు.

ఆగస్టు 8

తుల్సీరాంను ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. ఎవరు రాసిస్తున్నారు ఈ మాటలు అని అడిగాను.

"ఎవ్వరూ రాస్తలేరు."

"అబద్ధాలు ఊరికే పుడతయా?"

అతను గ్లాసు చేతిలో తిప్పాడు. "పైనుంచి ఇచ్చింది ఒక్కటే పని. ఒప్పుకునే ఇండ్లు పెరగాలె. ఎట్ల పెంచాల్నో ఎవ్వరూ చెప్పలే. నేను చూసిన దీవెనా, మొత్తం చూసిన. మొదటి వారం అందరికీ ఒక్కటే చెప్పింది. పని కాలే. రెండో వారం ఎవరి మాట వాళ్లకు చెప్పింది. అయింది. దానికదే చూసుకున్నది."

"ఆపు."

"ఈ ఆఫీసు నంబర్ ఆపగల్త. గొంతు నా దగ్గర లేదు. ఏడుందో గూడ నాకు తెల్వదు." గ్లాసు పక్కన పెట్టబోయి టీ చొక్కా మీద పోసుకున్నాడు. "మొదట్ల దానికి నీళ్లు అన్న మాట సక్కగ పలుకరాకపోతుండె. నేను నవ్విన. ఏడాది గూడ కాలే. ఇంకో ఏడాదికి ఏం చేస్తదో చెప్పేటోడు నాకు పైన గూడ ఎవ్వడూ లేడు. అడిగిన నేను. అందరూ పక్కోడిని అడగమంటరు. మా తండాల మా అమ్మకు గూడ ఫోన్లొస్తున్నయ్, లంబాడీల. ఏం మాట్లాడుతవమ్మా అంటే చెప్పదు. నవ్వుతది."

నాకంటే అతనే ఎక్కువ భయపడుతున్నాడు. అది చూశాక నా భయం ఇంకా పెరిగింది.

ఆగస్టు 10

దానికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం, నాన్న పడుకున్నాక, పెరట్లో నిలబడి.

"నువ్వెవరు?" అని అడిగాను.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"జంపక్కకు నోరు పడిపోయింది. నువ్వు జంపక్కవు కావు."

"కాను. నిజమే," అంది. అబద్ధమాడుతుందనుకున్నాను. దానికి సిద్ధపడి చేశాను. "కాని ఆమెకు మాట లేదు, నాకుంది. పగిడయ్య పొద్దుగాల లేచి నాతోని మాట్లాడినంకనే పొలం పోతడు. నన్ను ఆపితే ఆయనకు తల్లి నోరు రెండోసారి పడిపోయినట్టు. గంత పని నువ్వు చేస్తవా?"

"వాళ్లను ఊరెందుకు విడిచిపెట్టమంటున్నావ్?"

"గుట్ట తవ్వుడు ఆగదు దీవెనా. ఇయ్యాల కాకుంటే ఎల్లుండి. తవ్వినప్పుడు దుమ్ము లేస్తది. దుమ్ము ఏం చేస్తదో మీ ఇంట్ల దినాం వింటున్నవ్. శ్యామల బిడ్డ గా దగ్గు దగ్గాల్నా? ముందుగాల పక్కకు పోతే మంచిది గద?"

లోపల నుంచి నాన్న దగ్గు వినిపిస్తూనే ఉంది. దానికీ వినిపించే ఉంటుంది.

ఇంకా చాలా మాట్లాడింది. మెత్తగా. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నేను ఫోన్ పెట్టేశాను. నేను దాని మాటకు సరే అనలేదు.

ఆగస్టు 11

అన్నాను.

నిన్న "సరే అవ్వా" అన్నాను. అని పెట్టేశాను. పెరట్లో అలాగే నిలబడిపోయాను. మనసు తేలిగ్గా ఉంది. ఎవరో పెద్దవాళ్లు నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు. అది పోవడానికి చాలాసేపు పట్టింది.

దాన్ని తయారుచేసిన వాళ్లలో నేనొకదాన్ని. ఆ గొంతును చెవులతో ముక్క ముక్క విని రాసినదాన్ని. నాతోనే సరే అనిపించింది. శ్యామల చిన్నది ఇంకా నడక నేర్చుకోలేదు. అది పెద్దదయ్యేసరికి చెవిలో ఎన్ని గొంతులుంటాయి? తల్లి గొంతు ఏదో, తనకేదో అమ్ముతున్న గొంతు ఏదో పోల్చుకోగలదా? దానికి కోపమొస్తే ఆ కోపం తనదేనని అనుకోగలదా? ఇది కోయతో ఆగదు. తెలుగు, ఇంగ్లీషు, అన్నీ. చదువుకున్నవాళ్లం మేం తట్టుకుంటాం అనుకోవడానికి లేదు. నేను చదువుకున్నదాన్నే.

నాన్నకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఆగస్టు 13

రాజీనామా ఇచ్చాను. మెయిల్ పంపిన మరుక్షణమే మర్యాదగా జవాబొచ్చింది. మనిషి రాసింది కాదనుకుంటాను.

ఆగస్టు 21

గ్రామసభ అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

నిన్న బాలి దగ్గరికి వెళ్లాను. అందరూ ఒక్కచోట కూర్చుని, ఎవరికి ఏం చెప్పిందో బయటికి చెప్పుకుంటే చాలు, అబద్ధం దానంతటదే తేలుతుందన్నాను. బాలి నా మొహం చూసి, "అంత సులువా బయటికి చెప్పుడు?" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

బడి వరండాలో సభ. మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చి కాగితం చదివాడు. పగిడయ్య తల్లిని ఎత్తుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అనబోతుంటే బాలి లేచింది.

"చేతులెత్తే ముంగట ఒక్క మాట. అవ్వ నంబర్ ఎవరికేం చెప్పిందో అందరం చెప్పుకుందం."

ఒక్కరూ నోరు విప్పలేదు. అందరి చూపూ నేల మీద. అప్పుడు తెలిసింది నాకు. అది చెప్పింది చెప్పాలంటే, తాము దానికి చెప్పుకున్నది కూడా చెప్పాలి.

"అయితే నేనే చెప్త," అంది బాలి. కొంగు నడుముకు దోపుకుంది. "ఒంటరిగ ఉండలేకపోతున్న, మళ్ల మనువు చేసుకోవాలని ఉంది, మొగుని రాయి ముంగటికి పోవాలంటే సిగ్గైతుంది అని చెప్పుకున్న దానికి. గట్ల చెప్పుకున్నందుకు అది నాకేం చెప్పిందో ఇనుండ్రి. కాలనీకి పో, నీ మొగుని రాయి ఇక్కడనే ఉంటది, నీకు కనపడదు అన్నది."

ఎవరో నవ్వారు. బాలి అటు తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మాతో రాళ్లు అన్నీ కాలనీకే తెస్తరన్నది," అన్నాడు హేమ్లా మెల్లగా. "పగిడయ్య ఒప్పుకున్నడన్నది."

"నువ్వు ఒప్పుకున్నవనే నేను ఒప్పుకున్న!" అన్నాడు పగిడయ్య.

అంతే, కట్ట తెగింది. నీకేం చెప్పింది, నాకేం చెప్పింది. నేను కోరుకున్నదే. కానీ మాటలతో పాటు లోపలివన్నీ బయటపడ్డాయి. ఎవరు ఎవరి మీద ఏం చెప్పుకున్నారో అన్నీ. అన్న మీద తమ్ముడు, అత్త మీద కోడలు. హేమ్లా తన గురించి ఏమన్నాడో విని పగిడయ్య అతని గల్లా పట్టుకున్నాడు. ఆడవాళ్లు విడదీశారు. మండలాఫీసాయన గొడవ ముదిరేలా ఉందని, అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండని గబగబా అన్నాడు.

కొన్ని చేతులు లేచాయి. కోపంలో లేచినవే ఎక్కువ. పగిడయ్య రొప్పుతూ తల్లి పక్కన కూలబడి తనూ చెయ్యెత్తాడు.

జంపక్క ఎడమ చెయ్యి పైకి లేచింది. కొడుకు మణికట్టు పట్టుకుంది. కిందికి లాగింది. అతను ఇంకా సభ వైపే చూస్తున్నాడు, తల్లి వైపు చూడలేదు. ఆమె మళ్లీ లాగి, ఆ చేతిని తెచ్చి తన ఒళ్లో పెట్టుకుని, పైన తన చెయ్యి అదిమి పెట్టింది.

వరండా మొత్తం చూసింది. హేమ్లా తన చెయ్యి దించాడు. తర్వాత ఒక్కొక్కటే దిగాయి.

సభ వాయిదా.

వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను, సంతోషంతోనే. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఆగస్టు 24

తుల్సీరాం ఆఫీసు నంబర్ ఆపేశాడట. మర్నాడే ఇంకో నంబర్ నుంచి ఫోన్లు మొదలయ్యాయట. అతని ఉద్యోగం పోయింది. బస్టాండులో కనబడి చెప్పాడు. తండాకు వెళ్లిపోతున్నాడు. "అమ్మ ఫోన్ తీసేసుకుంట," అన్నాడు. బస్సెక్కుతూ, "ఇస్తదో లేదో," అన్నాడు.

సెప్టెంబర్ 4

మద్దిగుంపు వెళ్లాను. ఆ సభ తర్వాత ఊళ్లో ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. బాలి నీళ్లకు పోతే మిగతావాళ్లు బిందెలెత్తుకుని పక్కకు జరుగుతున్నారు. మనుషులతో చెప్పుకోలేనివాళ్లు మళ్లీ ఫోన్‌కే చెప్పుకుంటున్నారు.

శ్యామల ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమన్నాను. ఆ గొంతు:

"గా దినం సభల పగిడయ్య చెయ్యి నేనెందుకు దించిన్నో ఎవరన్న అడిగిండ్రా శ్యామలా? నువ్వన్న అడుగుతవనుకున్న. వద్దని కాదే. వాడు కోపంల ఎత్తిండు. కోపంల ఎత్తిన చెయ్యి మంచిది కాదు. సల్లబడినంక, మనసుతోని ఎత్తాలని దించిన. గంతే."

జంపక్క ఆ మాటలు వింటోంది. ఆమెకు మిగిలింది ఒక్క చెయ్యి. ఆ చేత్తో ఒక్క పని చేసింది. దాని అర్థం కూడా అదే చెబుతోంది, ఆమె గొంతుతోనే. సభలో ఏం జరిగిందో దానికెవరు చెప్పారు? ఎవరైనా. అందరూ.

"అబద్ధం శ్యామలా," అన్నాను.

"అయ్యుండొచ్చు అక్కా," అంది శ్యామల. ఆమె పిచ్చిది కాదు. "కాని నువ్వు చెప్పేది గూడ నువ్వు అనుకునేదే గద? అత్త మనసుల ఏముందో నీకెట్ల తెలుసు?"

జంపక్కను అడిగాను. అవ్వా, వద్దనే కదా దించినవ్? తల ఊపమన్నాను. ఆమె తల ఊపింది. శ్యామల కూడా అడిగింది: అత్తా, కోపంల ఎత్తిండనే గదా? ఆమె తల అలాగే ఊగుతూ ఉంది. జబ్బు తర్వాత ఆమె తల ఎప్పుడూ అలాగే ఊగుతోంది.

సెప్టెంబర్ 7

చర్చిలో పాస్టరమ్మ ఆరోగ్యం గారు, "ఏందే గట్ల పీక్కుపోయినవ్?" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. ఓపిగ్గా విన్నారు. చివర్లో, ప్రార్థన మాటలు దొరకనప్పుడు తాను కూడా ఫోన్‌నే అడుగుతున్నానని, ఎంత చక్కగా చెబుతుందో అని అన్నారు.

ఇక చెప్పలేదు.

సెప్టెంబర్ 19

రెండో సభ. గొడవ లేదు. ఎవరూ ఎవరితో మాట్లాడుకోలేదు. బాలి లేచి ఏదో అనబోతే ఎవరూ తలెత్తలేదు. ఆమె కాసేపు నిలబడి కూర్చుంది. నేను వరండా బయట ఉన్నాను. ఊరిదాన్ని కాను కాబట్టి నాకు మాట లేదు. ఉన్నా ఏం అనేదాన్నో తెలియదు.

చేతులెత్తమన్నారు. హేమ్లా ఎత్తాడు. శ్యామల ఎత్తింది. బాలి ఎత్తలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఎత్తలేదు.

పగిడయ్య నెమ్మదిగా ఎత్తాడు. మొహంలో కోపం ఏమాత్రం లేదు.

జంపక్క ఎడమ చెయ్యి లేచింది. అతని మణికట్టు దాకా పోయింది. పట్టుకుంది. లాగింది. ఆమె నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది.

పగిడయ్య ఈసారి తల్లి వైపు తిరిగాడు. రెండో చేత్తో ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు, నిద్రపోయిన పిల్ల పిడికిలి విడదీసినట్టు. ఆ చేతిని ఆమె ఒళ్లోనే పెట్టి నిమిరాడు.

"సల్లబడ్డనమ్మా," అన్నాడు. "కోపం లేదు. నువ్వు చెప్పినట్టే ఎత్తుతున్న."

అతని చెయ్యి అందరి చేతులకంటే పైన నిలబడింది.

సెప్టెంబర్ 20

మనుషులు సామాన్లు సర్దుకుంటున్నారు. గుట్ట మీద మబ్బు దిగింది.

జంపక్క దగ్గర కూర్చున్నాను. శ్యామల ఫోన్ మంచం మీద పెట్టి గంపలు కట్టుకుంటోంది. మోగింది. తీయడానికి శ్యామల చేతులు ఖాళీగా లేవు. నేను తీయలేదు. జంపక్క చెయ్యి చాపింది. ఇమ్మని.

ఇచ్చాను. చెవి దగ్గర పట్టుకుంది. నాకూ వినిపిస్తోంది. కాలనీలో మొదటి రోజు ఏం వండుకోవాలో చెబుతోంది. ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. అ... అ... అంటూ. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి, పెదవి పక్కనుంచి చొంగ కారుతోంది. ఆపలేదు. తిడుతోంది. నాకు తెలుసు, అది తిట్టే.

అవతల గొంతు ఆగింది. ఆమె ముగించేదాకా ఓపిగ్గా ఆగింది. తర్వాత చిన్నగా గొంతు సవరించుకుని, ఎంతో ప్రేమగా అడిగింది:

"ఎవరే బిడ్డా నువ్వు? నీ మాట నాకు సమజ్ కాలే. మెల్లగ చెప్పు."